తాళం తీసినా నిద్రపోని బండి: బ్యాటరీ బీమారీల తారీఖ్

నవాబుల తారీఖ్ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఖిలాల మీద, దర్వాజాల మీద, దర్బార్ల మీద కితాబులున్నాయి. మన మొహల్లాల్లో మోటారు బండ్ల కరెంటు పని చేసే ఉస్తాద్‌ల హునర్‌కి కూడా ఒక తారీఖ్ ఉంది. అది మాత్రం నోటిమాటగానే మిగిలిపోతోంది. బెజవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్ చుట్టుపక్కల, గుంటూరు, కర్నూలు, కడప, నిజామాబాద్ బస్టాండుల వెనక గల్లీల్లో చిన్న షట్టరు, దాని ముందు సగం విప్పిన సెల్ఫ్ మోటారు, గోడకి వేలాడే వైర్ల చుట్టలు మీరూ చూసే ఉంటారు. మా మామూ ఒకరు అలాంటి దుకాణంలోనే నలభై ఏళ్లు కూర్చున్నారు. ఈ వ్యాసంలో సగం ఆయన దగ్గర విన్నదే.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, ఈమధ్య ప్రతి ఇంట్లో ఒకే షికాయత్ వినిపిస్తోంది. "బండి కొత్తదే భాయ్, నాలుగు రోజులు ఆపితే సెల్ఫ్ తీసుకోవట్లేదు." కొత్త బ్యాటరీ వేయిస్తారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే కథ. ఇంకో బ్యాటరీ. వేలకి వేలు పోతాయి గానీ బీమారీ పోదు. యునానీ హకీమ్‌లు ముందు నబ్జ్ పట్టి చూసేవాళ్లు, దవా సంగతి తరవాతే. తష్ఖీస్ లేని ఇలాజ్ అంటే చీకట్లో రాయి విసరడమే. మోటారు బండి నబ్జ్ ఎక్కడ దొరుకుతుందన్నది మాత్రం జమానా జమానాకి మారుతూ వచ్చింది. ఆ మార్పు తెలిస్తేనే ఇవాళ్టి బండి రోగం అర్థమవుతుంది.

హ్యాండిల్ తిప్పిన రోజులు

సీసం పలకలు, గంధకామ్లంతో మళ్లీ మళ్లీ చార్జి అయ్యే బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే సైన్సుదాన్ తయారు చేశాడు. 1881లో అదే దేశానికి చెందిన కమీల్ ఫౌర్ ఆ పలకల మీద సీసపు ముద్ద పూసే పద్ధతి తెచ్చి దాన్ని బజారుకి పనికొచ్చేలా చేశాడు. ఇవాళ మీ బండి బానెట్ కింద ఉన్న బ్యాటరీ అసలు సూత్రం అదే. బండి మొత్తం మారింది గానీ ఆ సీసం, ఆ తేజాబ్ మారలేదు.

మొదట్లో వచ్చిన పెట్రోలు బండ్లకి బ్యాటరీతో పెద్ద పని ఉండేది కాదు. ముందు ఇనుప హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పాలి. నిప్పురవ్వకి మాగ్నెటో ఉండేది. దీపాలకి కార్బైడ్ గ్యాసు. ఇంజను ఎదురు తన్నితే హ్యాండిల్ వెనక్కి తిరిగి మణికట్టు ఎముక విరిగేది. ఆ ఎముక విరుపుని ఎముకల డాక్టర్లు ఇప్పటికీ 'షోఫర్స్ ఫ్రాక్చర్' అనే పిలుస్తారు. షోఫర్ అంటే డ్రైవర్. ఒక పేషా పేరు ఒక గాయానికి పేరైపోయింది.

ఆ ముసీబత్‌ని తప్పించినవాడు చార్లెస్ కెటరింగ్. అంతకు ముందు ఆయన దుకాణాల గల్లాపెట్టె కరెంటుతో తెరుచుకునేలా చేశాడు. గల్లాపెట్టె మోటారు రోజంతా తిరగక్కర్లేదు, ఒక్క క్షణం గట్టిగా లాగితే చాలు. అదే ఖయాల్ ఇంజను మీదకి తెచ్చాడు. 1912 మోడల్ కాడిలాక్ కారులో సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. దాంతో పాటే కరెంటు దీపాలు, ఇంజను నడుస్తుంటే బ్యాటరీని నింపే జనరేటరు కూడా వచ్చాయి. అంటే ఖర్చు, కమాయీ రెండూ బండిలోనే. సెల్ఫ్ కొట్టేటప్పుడు తీసుకున్నది దారిలో తిరిగి నింపాలి. ఆ హిసాబ్ మొదలైన రోజే బ్యాటరీ దిగిపోవడమనే బీమారీ కూడా పుట్టింది.

మన దక్కన్ సంగతికొస్తే, నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. ఇవాళ్టి ఆర్టీసీలకి అదే మూలం. అప్పటి సర్కారీ జబాన్ ఉర్దూ. 1917లో పెట్టిన దారుల్ తర్జుమా ఇంగ్లీషు సైన్సు కితాబులని ఉర్దూలోకి మార్చింది, కరెంటుని 'బర్క్' అంది. కార్ఖానాల్లో మాత్రం ఉస్తాద్‌లు తమకు తోచిన ఖిచిడీ జబాన్ తయారు చేసుకున్నారు. పానా, పేచ్‌కస్, పక్కడ్ ఉర్దూ నుంచి, సెల్ఫ్, డైనమో, కట్ఔట్ ఇంగ్లీషు నుంచి. పని నేర్చుకునే కుర్రాడు షాగిర్ద్, నేర్పేవాడు ఉస్తాద్. తెలుగు మాట్లాడే మెకానిక్ ఏ మజహబ్ వాడైనా ఈ మాటలు వాడకుండా పని చేయలేడు.

ఒకే బీమారీ, మూడు జమానాలు

మామూ పని నేర్చుకుంది అంబాసిడర్లు, ఫియట్ల మీద. అప్పటి బండ్లలో డైనమో ఉండేది. డైనమోకీ బ్యాటరీకీ మధ్య కట్ఔట్ అనే చిన్న డబ్బా. ఇంజను తిరుగుతుంటే దాని పాయింట్లు అతుక్కుని బ్యాటరీకి కరెంటు పోయేది. ఇంజను ఆగగానే అవి విడిపోవాలి. విడిపోకపోతే కరెంటు వెనక్కి పారేది. అంతదాకా డైనమో బ్యాటరీని నింపుతుంటే, ఇప్పుడు బ్యాటరీయే డైనమోని నడపాలని చూసేది. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ఇది మొదటి జమానా లీకేజీ. ఉస్తాద్ మూత తీసి, పాయింట్లు సన్నటి కాగితంతో రుద్ది, స్ప్రింగు సవరించేవాడు. రోగం కళ్లకి కనపడేది, వేలికి తగిలేది.

లీకేజీ పట్టడానికి అప్పటి ఆలా టెస్ట్ ల్యాంపు. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, ఆ మధ్యలో బల్బు పెట్టేవాళ్లు. తాళం తీసిన బండిలో కరెంటు ఎక్కడికీ పోకూడదు. బల్బు వెలిగిందంటే ఎక్కడో చోరీ జరుగుతున్నట్టే. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పోవాలి, ఏది తీస్తే బల్బు ఆరిపోతుందో ఆ దారిలోనే చోర్ ఉన్నాడు. అంతే ఇల్మ్. రెండు వైర్లు, ఒక బల్బు, కొంచెం సబర్.

మద్రాసులో 1961లో లూకాస్-టీవీఎస్ కంపెనీ మొదలయ్యాక సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, వాటి విడి భాగాలు మన దేశంలోనే తయారవసాగాయి. మామూ తరం ఉస్తాద్‌లకి అవే చదువు. ఆర్మేచర్ వైండింగ్ చేతితో చుట్టడం, కార్బన్ బ్రష్‌లు అరగదీసి సరిపెట్టడం, బుష్ మార్చడం. పాడైన సామాను పారేసేవాళ్లు కాదు, మరమ్మత్ చేసేవాళ్లు.

రెండో జమానా ఆల్టర్నేటర్‌ది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960 వాలియంట్ కారులో దీన్ని తెచ్చింది. డైనమోకి ఉన్న ఐబ్ ఏమిటంటే, ఇంజను నెమ్మదిగా తిరిగితే కరెంటు పుట్టదు. సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు డల్ అయ్యేవి. ఆల్టర్నేటర్ తక్కువ తిరుగుడులోనూ సరిపడా ఇస్తుంది. అందులో పుట్టే ఏసీని డీసీ చేయడానికి సిలికాన్ డయోడ్లు ఉంటాయి. డయోడ్ అంటే ఒకవైపే తెరుచుకునే దర్వాజా. కట్ఔట్ పని ఇప్పుడు అదే చేస్తుంది. మన దగ్గర 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ఆల్టర్నేటర్ మధ్యతరగతి ఇంటి వాకిట్లోకి వచ్చింది.

ఆ దర్వాజా చెడితే మళ్లీ అదే బీమారీ. డయోడ్ లీకైతే ఆపిన బండిలోంచి రాత్రంతా కరెంటు వెనక్కి పోతుంది. అయితే ఇది కంటికి కనపడదు, కాగితంతో రుద్దితే పోదు. మీటర్ కావాలి. ఇక్కడే ఉస్తాద్‌లు రెండు బాటలు పట్టారు. కొందరు మల్టీమీటర్ చదవడం నేర్చుకున్నారు. కొందరు పాత కాలం నుస్ఖా పట్టుకుని ఉండిపోయారు. ఆ నుస్ఖా మీరూ చూసే ఉంటారు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేస్తారు. ఇంజను ఆగకపోతే చార్జింగ్ బాగున్నట్టు. డైనమో కాలంలో ఇది ఎలాగో చెల్లిపోయింది. ఆల్టర్నేటర్ బండిలో చార్జింగ్ నడుస్తుండగా బ్యాటరీని విడదీస్తే ఒక్కసారిగా వోల్టేజీ ఎగుస్తుంది. అడ్డుకునే భాగం లేకపోతే 12 వోల్టుల బండిలో అది వంద వోల్టుల దరిదాపుకి పోగలదు. ఒక క్షణంలో భాగమే, కానీ కంప్యూటర్ ఉన్న బండికి ఆ క్షణం చాలు. ఎవరైనా మీ కొత్త బండి మీద ఈ నుస్ఖా వాడబోతే మర్యాదగా చెయ్యి పట్టుకుని ఆపండి.

ఈ రెండో జమానాలోనే ఇంకో మార్పు వచ్చింది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. పాత బ్యాటరీకి ఆరు మూతలు ఉండేవి. ఉస్తాద్ ఒక్కో మూత తీసి హైడ్రోమీటర్‌తో తేజాబ్ సాంద్రత చూసేవాడు. నిండుగా ఉంటే 1.25 దాటేది. ఐదు గదులు బాగుండి ఒక గదిలో బాగా తక్కువ చూపిస్తే ఆ గది పోయినట్టే, లీకేజీ కోసం బండంతా వెతకక్కర్లేదు. తరవాత మూతలు లేని బ్యాటరీలు వచ్చాయి. తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమరరాజా వాళ్ల అమరాన్ 2000లో బజారుకి వచ్చి, నీళ్లు పోయక్కర్లేదన్న మాటతోనే ఇంటింటికీ తెలిసింది. ఇళ్లవాళ్లకి ఆసానీ అయింది. కానీ ఉస్తాద్ చేతిలోంచి నబ్జ్ పట్టే ఒక దారి జారిపోయింది. లోపల ఏముందో చూడలేని డబ్బాని బయట వోల్టేజీతోనే అందాజా వేయాలి.

ఆ అందాజా కూడా కష్టమేం కాదు. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మీటర్ పెడితే 12.6 వోల్టులు దాటితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 అంటే అడుగంటుతున్నట్టు. బ్యాటరీని ఆ ఖాళీ హాలత్‌లో రోజుల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తరవాత ఎంత చార్జి చేసినా మునుపటి తాకత్ రాదు. అందుకే లీకేజీ సరిచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే ఆ కొత్తదాన్నీ చేతులారా చంపుతున్నట్టే.

బండి భాగాలు మాట్లాడుకోవడం మొదలైంది

మూడో జమానా మొదలైంది జర్మనీలో. బండిలో కరెంటు సామాన్లు పెరిగేకొద్దీ వైర్లు తాళ్లలా లావెక్కాయి. ప్రతి స్విచ్చు నుంచి ప్రతి పరికరానికీ విడిగా వైరు లాగడం కుదరదని బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో ఒక తర్కీబ్ మీద పని మొదలుపెట్టారు. 1986లో డెట్రాయిట్ సభలో దాన్ని దునియాకి చూపించారు. దాని పేరు క్యాన్ బస్. మెలిపెట్టిన రెండు వైర్లు, వాటి మీద బండిలోని కంప్యూటర్లన్నీ వంతులవారీగా గుఫ్తగూ చేసుకుంటాయి. 1991లో వచ్చిన మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో అది రోడ్డెక్కింది. ఇవాళ మామూలు కుటుంబం కొనే చిన్న కారులోనూ ఇదే ఉంది.

మన దేశంలో ఈ మార్పుకి పొగ కూడా ఒక వజహ్. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో అమ్మే కొత్త కార్లకి యూరో ప్రమాణాలు తప్పనిసరి చేసింది. కార్బురేటరు పోయి కంప్యూటర్ నడిపే ఇంజెక్షన్ వచ్చింది. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారుకీ ఓబీడీ-2 అనే సాకెట్ ఉండాలన్నారు. బండి తన తకలీఫ్ తానే కోడ్ రూపంలో చెప్పుకునే నోరు అది. మన దగ్గర బీఎస్-4 బండ్లకి 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6.

అంటే పదేళ్లలో ఉస్తాద్ ముందున్న బండి వేరే జాతి అయిపోయింది. పాత బండిలో తలుపు తీస్తే ఒక బల్బు వెలిగేది, అంతే. ఇప్పుడు తలుపు తీసిన ఖబర్ క్యాన్ మీద బండంతా పాకుతుంది. మీటర్ బోర్డు లేస్తుంది, మ్యూజిక్ సిస్టం సిద్ధమవుతుంది, తాళం కంప్యూటర్ చెవి రిక్కిస్తుంది. మీరు తలుపేసి లాక్ చేసి వెళ్లిపోయాక కూడా ఇవన్నీ వెంటనే పడుకోవు. ఒక్కొక్కటి తన పని ముగించి నిద్రలోకి జారడానికి బండిని బట్టి కొన్ని నిమిషాల నుంచి దాదాపు గంట దాకా పడుతుంది.

నిద్రపోయాక కూడా పూర్తి నిద్ర కాదు, కునుకే. రిమోట్ పిలుపు వినాలి, చోర్ వస్తే అరవాలి, గడియారం నడవాలి. దానికి కొంచెం కరెంటు కావాలి. ఆ కొంచెం మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి.

ఇప్పుడు హిసాబ్ చూడండి. 50 మిల్లీ ఆంపియర్లు రోజంతా తీసుకుంటే 24 గంటల్లో 1.2 ఆంపియర్-అవర్. బ్యాటరీ 45 ఆంపియర్-అవర్‌ది అనుకుందాం. సగం అయిపోవడానికి దాదాపు 19 రోజులు. సగం దాటాక, అందులోనూ బ్యాటరీ ముసలిదైతే, సెల్ఫ్ తీసుకోవడం షక్‌లో పడుతుంది. అంటే ఏ లోపమూ లేని బండి కూడా మూడు నాలుగు వారాలు కదలకుండా ఉంటే మొరాయించొచ్చు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బండ్లు వారాలకి వారాలు వాకిళ్లలోనే ఉండిపోయాయి. తాళాలు సడలాక గల్లీ గల్లీలో జంపర్ కేబుళ్ల పని పడింది. ఆ బ్యాటరీలన్నీ నకిలీవి కావు, హిసాబ్ అంతే.

ఇక లోపం ఉన్న బండి సంగతి. డిక్కీలో 5 వాట్ల బల్బు ఆరకుండా ఉందనుకోండి. అది 400 మిల్లీ ఆంపియర్లకి పైనే. రోజుకి దాదాపు 10 ఆంపియర్-అవర్. రెండు రోజుల్లో సగం బ్యాటరీ మాయం. అరిగిపోయిన తలుపు లాక్ లోపలి చిన్న స్విచ్చు తలుపు తెరిచే ఉందని అబద్ధం చెబితే ఇంకా ఘోరం. ఒక్క స్విచ్చు అబద్ధానికి బండిలో కంప్యూటర్ల జమాతంతా రాత్రంతా మేలుకుని కూర్చుంటుంది. ఇది మూడో జమానా లీకేజీ. పాయింట్ అతుక్కోలేదు, డయోడ్ చెడలేదు, వైరు తెగలేదు. నిద్రపోవాల్సినవాళ్లు నిద్రపోలేదు, అంతే.

పాత టెస్ట్ ల్యాంపు ఎందుకు ధోకా ఇస్తుంది

ఈ బండికి పాత పద్ధతిలో టెస్ట్ ల్యాంపు పెడితే ఏమవుతుంది? టెర్మినల్ విప్పి మళ్లీ కలపగానే కంప్యూటర్లన్నీ ఉలిక్కిపడి లేస్తాయి. లేచినప్పుడు కొన్ని ఆంపియర్లు తీసుకుంటాయి. బల్బు భగ్గున వెలుగుతుంది. ఉస్తాద్ పెద్ద షార్ట్ ఉందంటాడు. ఫ్యూజులు పీకడం మొదలెడతాడు. పీకినప్పుడు ఆ కంప్యూటర్ పడిపోతుంది, పెట్టినప్పుడు మళ్లీ లేస్తుంది. చోర్ ముందు డోలు కొట్టినట్టే. చివరికి ఏదీ దొరక్క, బ్యాటరీ మీద నింద వేసి పంపేస్తారు.

ఇవాళ్టి తష్ఖీస్ వేరు. బండిని లేపకుండా నబ్జ్ పట్టాలి. ముందు బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి దాన్ని విడిగా పరీక్షించాలి. తరవాత బానెట్ తెరిచే ఉంచి, దాని లాక్‌ని పేచ్‌కస్‌తో మూసినట్టు నొక్కిపెట్టాలి. ఫ్యూజు బాక్సు తలుపు పక్కన ఉంటే ఆ తలుపు లాక్‌కీ అదే తర్కీబ్. తాళం చెవిని బండికి దూరంగా పెట్టాలి, దగ్గరుంటే కొన్ని బండ్లు దాన్ని వెతుకుతూనే ఉంటాయి. బ్యాటరీ వైరు విప్పకుండా, చిన్న కరెంటు కూడా కొలిచే డీసీ క్లాంప్ మీటర్‌ని ఆ వైరు చుట్టూ పట్టించాలి. తరవాత చాయ్ తాగొచ్చు. అరగంట నుంచి గంట దాకా ఎదురుచూడాలి.

గంట తరవాత కూడా కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపుకి దిగకపోతే, అప్పుడు ఫ్యూజుల దగ్గరికి పోవాలి. పీకక్కర్లేదు. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు కనపడతాయి. మీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి ఆ రెండింటి మీద ఆనించాలి. కరెంటు పోని ఫ్యూజు సున్నా చూపిస్తుంది. కరెంటు పోతున్న ఫ్యూజు రెండో మూడో మిల్లీవోల్టులు చూపిస్తుంది. బండి నిద్ర చెడదు, చోర్ వెళ్లే దారి తెలిసిపోతుంది. టెస్ట్ ల్యాంపు తారీఖ్‌లో ఇది తరవాతి పేజీ. సూత్రం అదే, మర్యాద మారింది.

క్యాన్ మీదే అనుమానం ఉంటే దానికీ సాదా పరీక్ష ఉంది. బ్యాటరీ విప్పి, ఓబీడీ సాకెట్‌లో 6, 14 నంబరు పిన్నుల మధ్య ఓమ్స్ కొలిస్తే చాలా బండ్లలో 60 దరిదాపు రావాలి. రెండు కొసల్లో చెరో 120 ఓమ్స్ ఉంటాయి కాబట్టి. 120 చూపిస్తే ఒక కొస తెగింది. సున్నాకి దగ్గరగా ఉంటే రెండు వైర్లూ ఎక్కడో తగులుకున్నాయి. వానాకాలంలో నీళ్లు దిగిన బండ్లకీ, ఎలుకలు వైర్లు కొరికిన బండ్లకీ ఈ కొలత బాగా పనికొస్తుంది.

చార్జింగ్ విషయంలోనూ పాత ఖాయిదా మారింది. ఇంజను నడుస్తుంటే 14 వోల్టుల దరిదాపు రాకపోతే ఆల్టర్నేటర్ చెడినట్టేనని మామూ తరం అనేది. అప్పటికది సహీ. ఇప్పటి చాలా బండ్లలో నెగెటివ్ టెర్మినల్ మీద ఒక సెన్సర్ కూర్చుని బ్యాటరీ హాలత్ చెబుతూ ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంధనం ఆదా కోసం కంప్యూటరే చార్జింగ్ తగ్గిస్తుంది. ఆ సమయంలో మీటర్ 12.7 చూపించినా ఆల్టర్నేటర్ బేకసూర్. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, కొంత దూరం నడిపి చూశాకే ఫైసలా చెప్పాలి.

ఒక్కటి మాత్రం మూడు జమానాల్లోనూ మారలేదు. ఎర్తింగు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజను బాడీకీ మధ్య మీటర్ పెడితే అర వోల్టు కూడా రాకూడదు. అంతకు మించి వస్తే పాచి పట్టిన ఎర్త్ పట్టీయే కసూర్‌వార్. ఎర్త్ చెడితే కొత్త బండిలో రకరకాల దెయ్యాలు లేస్తాయి. స్టీరింగ్ లైటు, ఏబీఎస్ లైటు, గేరు లైటు ఒకేసారి వెలుగుతాయి. స్కానర్ పది కోడ్లు చూపిస్తుంది. పది సామాన్లు మార్చమంటారు. ఉప్పు కాగితంతో రుద్దిన ఒక్క నట్టు దగ్గర కథ ముగిసిపోవచ్చు. స్కానర్ చెప్పేది మరీజ్ షికాయతే, మరజ్ కాదు.

కడపలో ఒక హిసాబ్

మా ఖాలా కొడుకు దమ్మామ్‌లో పని చేస్తాడు. బండి కడపలో ఇంటి ముందు ఉంటుంది, ఖాలూ వారానికోసారి తీస్తారు. రెండేళ్ల బండి. మూడో రోజుకే సెల్ఫ్ చచ్చిపోయేది. ఒక పెద్ద వర్క్‌షాప్ వాళ్లు ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చారు. మూడోది కూడా పోయాక ఆల్టర్నేటర్ మార్చాలన్నారు. దాని ధర విని ఖాలా నాకు ఫోన్ చేసింది.

నేను అక్కడికి వెళ్లి, గల్లీలో ఉండే ఒక ఉస్తాద్ దగ్గరికి బండి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లు దాటని మనిషి, క్లాంప్ మీటర్ ఉంది. నలభై నిమిషాలు ఊరికే కూర్చున్నాడు. ఖాలూకి సబర్ తప్పింది. "ఏమయ్యా, పని మొదలెట్టవా?" అన్నారు.

"మొదలైంది చాచా, బండి పడుకోవాలి కదా" అన్నాడు.

చివరికి మీటర్ 420 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలిచింది. రోజుకి 10 ఆంపియర్-అవర్లు. మూడో రోజు ఎందుకు చచ్చిపోతోందో అక్కడే తేలిపోయింది. ఫ్యూజుల మీద మిల్లీవోల్టులు చూసుకుంటూ పోతే ఒకదాని మీద 3 కనపడింది. ఆ దారి పట్టి డాష్‌బోర్డు కిందకి వెళ్తే, బండి కొన్న నెలలోనే బయట వేయించిన రివర్స్ కెమెరా స్క్రీను. దాని వైరుని తాళం తిప్పితే వచ్చే లైనుకి కాక, ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి కలిపారు. స్క్రీను నల్లగానే ఉంది గానీ లోపల మేలుకునే ఉంది. వైరు మార్చాక కరెంటు 25 మిల్లీ ఆంపియర్లకి దిగింది. మజూరీ ఒక కొత్త బ్యాటరీ ధరలో పదోవంతు కూడా కాలేదు.

ఆ రోజు ఉస్తాద్ ఎక్కువ సేపు చేసింది ఎదురుచూడటమే. చాలామంది డబ్బు ఇవ్వడానికి సంకోచించేది కూడా ఆ ఎదురుచూపుకే. పానా పట్టుకున్న గంటకి మజూరీ ఇస్తారు, మీటర్ వైపు చూసిన గంటకి ఇవ్వరు. ఆ ఆదత్ మారకపోతే సామాన్లు మార్చేవాళ్లే బతుకుతారు, తష్ఖీస్ చేసేవాళ్లు దుకాణం మూసుకుంటారు.

మన ఇళ్లకి, మన గల్లీలకి

ఇళ్లవాళ్లకి ముందు చెబుతాను. గల్ఫ్ నుంచి సెలవుల్లో వచ్చేవాళ్ల బండి ఇంట్లో ఉంటే, దాన్ని వాకిట్లో ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపేయడం ఫాయిదా లేని పని. సెల్ఫ్ తీసుకున్నదే తిరిగి నిండదు. వారానికోసారి కనీసం అరగంట రోడ్డు మీద తిప్పండి. నెలల తరబడి ఆపాల్సి వస్తే తగిన చార్జర్ పెట్టించండి, లేదా ఉస్తాద్‌ని అడిగి నెగెటివ్ విప్పించండి. కెమెరా, ట్రాకర్, స్టీరియో ఏది బయట వేయించినా, "ఇది తాళం లైను మీదా, డైరెక్టా?" అని ఒక్క సవాల్ అడగండి. ఓబీడీ సాకెట్‌కి గుచ్చే పరికరాలు గుర్తుపెట్టుకోండి, ఆ సాకెట్ 16వ పిన్నులో తాళం తీసినా కరెంటు ఉంటుంది. బ్యాటరీ మార్చాలని ఎవరైనా అంటే, "బండి పడుకున్నాక ఎన్ని మిల్లీ ఆంపియర్లు తీసుకుంటోంది?" అని అడగండి. జవాబు అంకెలో వస్తే నమ్మండి.

ఇక మన గల్లీల సంగతి. మెషీన్ మారిన ప్రతిసారీ పాత హునర్‌లో కొంత పోయింది, కొంత మిగిలింది. ఆర్మేచర్ చుట్టే చెయ్యికి ఇప్పుడు పని తగ్గిపోయింది. కట్ఔట్ పాయింట్లు రుద్దే కాగితానికి పని లేదు. కానీ కరెంటు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందని అడిగే దిమాగ్‌కి ఎప్పుడూ పని ఉంది. రేపు ఎలక్ట్రిక్ బండ్లు పెరిగినా ఈ సంగతి ఉంటుంది. నేటి ఎలక్ట్రిక్ కార్లలో పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. అది దిగిపోతే చాలా వాటిలో పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు.

మన పిల్లలు చాలామంది పదో తరగతి దాకా వచ్చి ఈ పేషాలోకి దిగుతున్నారు. వాళ్లకి పానాతో పాటు మీటర్ కూడా ఇవ్వాలి. ఓమ్ సూత్రం అర్థమయ్యేలా ఎవరో ఒకరు తెలుగులోనో ఉర్దూలోనో కూర్చోబెట్టి చెప్పాలి. ఒక మంచి క్లాంప్ మీటర్ ధర అనవసరంగా మార్చిన ఒకటి రెండు బ్యాటరీల కంటే ఎక్కువ కాదు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం వెతుకుతున్న కుర్రాళ్లు ఎందరో మన మొహల్లాల్లోనే ఉన్నారు. వాళ్లు వారానికి ఒక సాయంత్రం ఒక దుకాణంలో కూర్చుంటే షాగిర్ద్‌లకి వైరింగ్ బొమ్మ చదవడం వస్తుంది, వాళ్లకి నట్టు బిగించడం వస్తుంది.

మామూ ఇప్పుడు దుకాణానికి వెళ్లడం లేదు. ఆయన షాగిర్ద్ ఒకడు అదే షట్టరు కింద స్కానర్ పెట్టుకుని కూర్చున్నాడు. గోడకి పాత టెస్ట్ ల్యాంపు ఇంకా వేలాడుతోంది. ఎర్త్ చూడటానికి రోజూ దాన్నే వాడతాడు.